గ్యాస్ బిళ్ల ఎప్పుడు వేసుకోవాలి, ఎన్నాళ్లు వేసుకోవాలి, ఎలా ఆపాలి

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడటం మొదలుపెట్టి పదహారేళ్లయింది. తెలుగువాళ్లు గ్యాస్ బిళ్ల అంటారు, ఒడియావాళ్లు గ్యాస్ బొటికా అంటారు, అడిగేది ఒకటే. కార్తీక పున్నమి మర్నాడు ఛాడొఖాయి కదా, నెల రోజులు నీచు ముట్టని ఇళ్లన్నీ ఆ ఒక్కరోజే మేకమాంసం మీద పడతాయి, ఆ సాయంత్రం నుంచి మా కౌంటర్ దగ్గర ఖాళీ ఉండదు. వచ్చినవాళ్లలో చాలామంది అనేది ఇదే: "వేసుకుంటూనే ఉన్నానండీ, మంట తగ్గట్లేదు, ఇంకా పవర్ ఎక్కువది ఉందా?"

దాదాపు ప్రతిసారీ తేడా పవర్‌లో ఉండదు, వేళలో ఉంటుంది. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ టైపు చేసి చేతులు నొప్పెడుతున్నాయి కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నాను. డాక్టర్ రాసిన మందు ఎలా వాడుకోవాలో చెప్పడానికే ఇది, డాక్టర్‌కి బదులు కాదు.

ముందు ఇవి చూసుకోండి

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లండి.

- విరేచనం తారులా నల్లగా, జిగటగా, చెడు వాసనతో రావడం. రక్తం వాంతి, లేదా కాఫీ పొడి కలిపినట్టున్న వాంతి.
- ఒక్కసారిగా కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చి పొట్ట చెక్కలా గట్టిపడటం.
- ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో లాగడం, చెమటలు. ఇది గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవాళ్లు ఉన్నారు. పడుకోకండి, 108 కి ఫోన్ చేయండి, ఆ నంబరు ఇటు ఒడిశాలోనూ అటు ఆంధ్రలోని పాతపట్నంలోనూ పనిచేస్తుంది.
- మింగుతుంటే అడ్డుపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు, రక్తం తక్కువైందని రిపోర్ట్ రావడం, యాభై దాటాక మొదటిసారి ఈ బాధ మొదలవడం. వీటికి 108 అక్కర్లేదు కానీ ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి ట్యూబు దింపి కడుపులో చూసే పరీక్ష, చేయించాలో లేదో డాక్టర్ తేల్చాలి. ఈ వైపు వాళ్లం బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికో విశాఖ కేజీహెచ్‌కో వెళ్తుంటాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

డాక్టర్ చీటీ. ఇంట్లో మీరు వేసుకునే అన్ని మందుల స్ట్రిప్పులు, అంటే బీపీ, షుగర్, థైరాయిడ్, ఐరన్, గుండె మందులు, మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు వేసుకునేవి కూడా. ఒక పెన్ను, గోడ మీది క్యాలెండర్, అలారం ఉన్న ఫోన్. ఇంతే.

1. మీ చేతిలో ఉన్నది ఏ రకమో చూడండి

స్ట్రిప్ మీద రెండు పేర్లు ఉంటాయి, ఒకటి కంపెనీ పెట్టిన పేరు. రెండోది అసలు మందు పేరు, అది చదవండి.

పేరు చివర "ప్రజోల్" అని ఉంటే, ఓమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఏదైనా సరే, అది యాసిడ్ తయారవడాన్నే తగ్గించే మందు. ఓమెజ్, పాన్ 40, ర్యాజో, నెక్స్‌ప్రో ఇవన్నీ ఆ జాతివే. కడుపులో పుండు (అల్సర్) మానడానికి ఎక్కువగా రాసేది ఇదే. కింద చెప్పే వేళల గొడవంతా ముఖ్యంగా దీని గురించే.

"టిడిన్" అని ఉంటే ఫామోటిడిన్, రానిటిడిన్ లాంటివి. ఇవి తొందరగా పనిచేస్తాయి, అంత గట్టిగా కాదు. తిన్నాక వేసుకున్నా పెద్ద నష్టం లేదు, రాత్రి మంటకి పనికొస్తాయి. రానిటిడిన్‌లో క్యాన్సర్ ముప్పున్న ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడి 2020 లో అమెరికాలో మార్కెట్ నుంచి తీయించేశారు, మన దేశంలో 2022 లో అత్యావశ్యక మందుల జాబితా నుంచి తీసేశారు. షాపుల్లో ఇంకా దొరుకుతుంది. పాత అలవాటుతో అడిగేవాళ్లకి నేనైతే ఫామోటిడిన్ గురించి డాక్టర్‌ని అడగమంటాను.

డైజీన్, జెల్యుసిల్ లాంటి సిరప్పులు అప్పటికప్పుడు మంట చల్లార్చడానికి మాత్రమే. పుండుని మాన్పవు. సుక్రాల్ఫేట్ వేరు, అది పుండు మీద పూతలా అంటుకుంటుంది.

పేరు పక్కన "డి" గానీ "డీఎస్ఆర్" గానీ ఉంటే అందులో డోంపెరిడోన్ కలిసి ఉంది. అది వికారానికి, పొట్ట నెమ్మదిగా ఖాళీ అయ్యేవాళ్లకి. ఉత్త మంటకి అక్కర్లేదు, గుండె జబ్బు ఉన్నవాళ్లయితే డాక్టర్‌కి చెప్పకుండా అసలు వేసుకోకూడదు. "పక్కింటి మావయ్యకి డి ఉన్నదే రాశారు, నాకూ అదే ఇవ్వండి" అనకండి.

2. అలారం పెట్టండి: టిఫిన్‌కి అరగంట ముందు

ఈ ఒక్క మెట్టు సరిచేసుకుంటే చాలామందికి మిగతావి చదవాల్సిన పని ఉండదు.

కడుపు గోడలో యాసిడ్ తోడే పంపుల్లాంటివి ఉంటాయి, తిండి లోపల పడగానే అవి పని మొదలుపెడతాయి. ప్రజోల్ జాతి మందు, పనిచేస్తున్న పంపునే పట్టుకుని మూస్తుంది. కానీ ఈ మందు రక్తంలో ఉండేది కాసేపే, గంటా రెండు గంటల్లో సగానికి సగం దిగిపోతుంది. కాబట్టి తిండి పడే వేళకి మందు అక్కడ సిద్ధంగా ఉండాలి. తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు అనేది అందుకే. చోడి అంబలి తాగేసి, వరండాలో కూర్చుని తీరిగ్గా బిళ్ల వేసుకుంటే మందులో కొంత దండగే. బిళ్ల మింగి మధ్యాహ్నం రెండింటిదాకా ఏమీ తినకపోయినా అంతే, పంపులు తెరుచుకోక మందు వచ్చి వెళ్లిపోతుంది. ఈ రెండో తప్పు పొద్దున్నే పొలానికో డ్యూటీకో పరిగెత్తేవాళ్లు చేస్తుంటారు.

పరగడుపున టీ? టీ కూడా తిండి లెక్కే. ముందు బిళ్ల, తర్వాత టీ.

రోజుకి రెండు రాస్తే రెండోది రాత్రి భోజనానికి అరగంట ముందు, పడుకునే ముందు కాదు. ఒకటే రాసి, బాధ మాత్రం రాత్రిపూటే ఎక్కువైతే, పొద్దుటిది సాయంత్రానికి మార్చవచ్చా అని డాక్టర్‌ని అడగండి. చాలామందికి మారుస్తారు.

ప్రభుత్వ ఆసుపత్రిలో నిరామయ కౌంటర్ (ఒడిశా ప్రభుత్వం ఉచితంగా మందులిచ్చే చోటు) దగ్గర మందు తీసుకుంటే కవర్ మీద ఒడియాలో రాసిస్తారు. మాట్లాడటం వచ్చినా చదవడం రానివాళ్లు మనలో బోలెడు మంది. నాలుగు మాటలు అక్కడే చదివించుకుని పక్కన తెలుగులో రాసుకోండి: "ఖాఇబా ఆగరు" అంటే తినే ముందు, "ఖాఇబా పరె" అంటే తిన్నాక, "ఖాలి పేటరె" అంటే పరగడుపున, "సకాళె", "రాతిరె" అంటే పొద్దున, రాత్రి. మొన్న ఒకాయన నెల రోజులు ఆగరుని పరెగా చదువుకుని వచ్చాడు. ఆయనకి కొత్త మందు ఏమీ ఇవ్వలేదు, కవర్ మీద పెన్నుతో గుండ్రం చుట్టి పంపాను, పదిహేను రోజుల తర్వాత బస్టాండులో కనపడి నవ్వాడు.

మర్చిపోయి తినేశారా? కంగారు లేదు. తర్వాతి భోజనానికి ముందు ఒకటి వేసుకోండి. రెండూ కలిపి మాత్రం వేసుకోకండి.

3. నమలకుండా, నూరకుండా మింగండి

మా పిన్ని ప్రతి బిళ్లనీ చెంచాలో నలిపి తేనెలో కలుపుకుని నాకేది. జ్వరం బిళ్లకి సరిపోయిందేమో గానీ పాంటోప్రజోల్‌కి కాదు. దాని పైన నున్నటి పూత ఉంటుంది, యాసిడ్ తగిలితే మందు పాడైపోతుంది కాబట్టి కడుపు దాటి పేగులోకి వెళ్లాకే కరిగేలా ఆ పూత వేస్తారు. నలిపితే పూత పోయింది, మందూ పోయింది. సగానికి విరవడం కూడా అంతే.

మింగలేనివాళ్లు క్యాప్సూల్ రకం అడగండి. ఓమెప్రజోల్ లాంటి కొన్నిటిలో చిన్న గుళికలు ఉంటాయి, పూత ఆ గుళికల మీదే ఉంటుంది కాబట్టి క్యాప్సూల్ విప్పి మెత్తటి తిండి చెంచాడు తీసుకుని దానిమీద చల్లి నమలకుండా మింగొచ్చు. మీ క్యాప్సూల్‌కి అలా కుదురుతుందో లేదో షాపులో చూపించి అడగండి, అన్నీ ఒకలా ఉండవు.

4. వేరే మందులతో ఎడం పాటించండి

ఇందాక స్ట్రిప్పులన్నీ దగ్గర పెట్టుకోమన్నది దీనికే.

థైరాయిడ్ బిళ్ల కూడా పరగడుపునే కాబట్టి పొద్దున్నే ఈ రెంటికీ పోటీ వస్తుంది. థైరాయిడ్‌ది పొద్దున ఉంచి, గ్యాస్ బిళ్ల రాత్రి భోజనం ముందుకి జరపవచ్చా అని అడగండి. సిరప్పులు, సుక్రాల్ఫేట్ అయితే థైరాయిడ్ మందుకి 4 గంటల దూరంలో ఉండాల్సిందే.

సుక్రాల్ఫేట్ భోజనానికి గంట ముందు ఖాళీ కడుపున వేసుకోవాలి, థైరాయిడ్‌ది కాక మిగతా ఏ మందుకైనా కనీసం 2 గంటల ఎడం ఇవ్వండి. లేకపోతే ఆ మందుల్ని కూడా పట్టుకుని కూర్చుంటుంది. మలబద్ధకం చేస్తుంది, కొత్తేం కాదు.

గుండెకి స్టెంట్ వేయించుకుని రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకి ఓమెప్రజోల్, ఎసోమెప్రజోల్ వద్దు, అవి ఆ మందు బలం తగ్గిస్తాయి. సాధారణంగా పాంటోప్రజోల్ రాస్తారు. అలాగని మీ అంతట మీరు ఏదీ మానకండి, స్ట్రిప్ తీసుకెళ్లి చూపించండి.

ఐరన్ బిళ్ల ఒంటికి పట్టాలంటే యాసిడ్ కావాలి, ఇక్కడేమో యాసిడ్‌నే తగ్గిస్తున్నాం. రక్తం తక్కువ ఉన్న ఆడవాళ్లు ఈ సంగతి డాక్టర్ చెవిన వేయాలి. ఐరన్‌తో కూడా విరేచనం నల్లబడుతుంది, కానీ జిగటగా తారులా ఉండదు. తేడా తెలియకపోతే అనుమానం పెట్టుకుని ఇంట్లో కూర్చోకండి, చూపించుకోండి.

ఉప్పు తగ్గించమన్న బీపీవాళ్లు, గుండె, కిడ్నీ జబ్బులవాళ్లు నీళ్లలో వేస్తే బుసబుసలాడే పొడి ప్యాకెట్లు రోజూ తాగకూడదు. అందులో ఉండేది సోడా ఉప్పు.

5. నొప్పి బిళ్లలు మానకుండా పుండు మానదు

ఇది నా సొంత బుద్ధి తక్కువ కథ. నాలుగేళ్ల క్రితం పెట్టెలు దింపుతుంటే నడుం పట్టేసింది. చేతికందే దూరంలో డైక్లోఫెనాక్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, పన్నెండు రోజులు వేసుకున్నాను, ఎవరినీ అడగలేదు, పక్కన పాంటోప్రజోల్ వేసుకుంటున్నాను కదా ఏం కాదులే అని ధీమా. పదమూడో రోజు విరేచనం తారు రంగు. కిందటి రాత్రి తిన్న తోటకూర అనుకున్నాను, చూడండి, రోజూ జనానికి చెప్పేవాణ్ణి. ఆ మధ్యాహ్నం మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగాయి. బరంపురంలో ఎండోస్కోపీ చేసి కడుపులో పుండు ఉందన్నారు. గ్యాస్ బిళ్ల నొప్పి బిళ్ల చేసే చెడుని తగ్గిస్తుందే గానీ పూర్తిగా ఆపదు, అది నాకు పుస్తకంలో తెలుసు, ఒంటికి అప్పుడు తెలిసింది.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవన్నీ కడుపు గోడ రక్షణని తగ్గించేవే. సూది రూపంలో వేయించుకున్నా అంతే, అది రక్తంలోంచి వెళ్లి అదే పని చేస్తుంది. నొప్పికి, జ్వరానికి చెప్పిన మోతాదులో పారాసిటమాల్ కడుపుకి నయం. కానీ "ఒళ్లు నొప్పుల బిళ్ల" అని విడిగా కొనేవాటిలో పారాసిటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాక్ కలిసి ఉండటం మామూలే, కాబట్టి ఇక్కడా ఆ అసలు మందుల పేర్లు చదవండి. గుండె కోసం రోజూ చిన్న ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు, అది డాక్టర్ చూసుకోవాల్సిన లెక్క.

పొగాకు కూడా ఇక్కడే చెప్పాలి. పొగ తాగేవాళ్లకి పుండు ఆలస్యంగా మానుతుంది, అడ్డపొగ (చుట్ట వెలిగిన కొస నోట్లో పెట్టుకుని తాగడం) అయినా సరే. గుడాఖు అనే పొగాకు ముద్ద పళ్లకి రుద్దుకుని రసం మింగేవాళ్లకి కూడా నేను వద్దనే చెప్తాను.

కారం వల్ల పుండు పడదు, ఉన్న మంటని రేపుతుంది అంతే. పొఖాళొ (ఒడియావాళ్ల నీళ్లన్నం), చద్దన్నం పడితే తినండి, పడకపోతే మానండి, అందరికీ ఒకే రూలు లేదు. పాలు తాగితే కాసేపు చల్లగా ఉంటుంది, తర్వాత యాసిడ్ ఇంకాస్త ఊరుతుంది, అది మందు కాదు.

6. ఆఖరి తేదీ ఈరోజే రాయండి

చిన్న పేగు మొదట్లో పుండుకి మామూలుగా 4 వారాలు, కడుపులో పుండుకి 8 వారాలు రాస్తారు. అన్నవాహికలో యాసిడ్ ఎగదన్నే బాధకి కూడా 8 వారాల దాకా. చీటీలో ఎన్ని రోజులు ఉందో చూసి, క్యాలెండర్‌లో ఆ తేదీకి గుండ్రం చుట్టండి. చీటీలో లేకపోతే బయటికి వచ్చేముందు అడగండి, "ఎన్నాళ్లండీ?" అని ఒక్క మాట.

ఎన్నాళ్లు అన్న విషయంలో మేం చూసే తప్పులు రెండే. ఐదో రోజుకి మంట పోగానే ఆపేసేవాళ్లు ఒక రకం, నొప్పి పోయిందంటే పుండు మానిందని కాదు. ఐదేళ్లుగా ఆపనివాళ్లు ఇంకో రకం, పాత చీటీ నలిగి చిరిగిపోయి ఉంటుంది, అదే చూపించి నెలనెలా తీసుకెళ్తుంటారు. ఏళ్ల తరబడి వాడితే బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు, ఎముకలు విరిగే ముప్పు కొంత పెరగొచ్చు. కొందరికి నిజంగానే ఎక్కువకాలం అవసరం పడుతుంది, వాళ్లకి డాక్టర్ ఆ మాట చెప్పి రాస్తారు. మీకు అలా ఎవరైనా చెప్పారా లేదా అన్నది గుర్తు చేసుకోండి.

మొదటి రోజే పనిచేయలేదని మార్చకండి. పూర్తి ప్రభావం రావడానికి 3 నుంచి 5 రోజులు పడుతుంది, ఆ లోపు మంటకి సిరప్ వాడుకోవచ్చు. సీసా బాగా కుదిపి పోసుకోండి, తేరిన నీళ్లు తాగితే లాభం లేదు.

7. హెచ్ పైలోరీ అని రాసి ఉంటే

కడుపులో చేరే ఈ బ్యాక్టీరియా పుండ్లకి పెద్ద కారణం. ఆస్ట్రేలియా డాక్టర్ బారీ మార్షల్ దాన్ని రుజువు చేయడానికి 1984 లో ఆ క్రిముల్ని తనే తాగేశాడు, 2005 లో ఆయనకీ రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది. అంతకుముందు దాకా అల్సర్ అంటే టెన్షన్, కారం అనే చెప్పేవాళ్లు. మనవాళ్లు చాలామంది ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

దీనికి గ్యాస్ బిళ్లతో పాటు రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్, మామూలుగా 14 రోజులు. కిట్‌లా వస్తే పొద్దుటివీ రాత్రివీ వేరువేరుగా గుర్తు పెట్టి ఉంటాయి. నోరు చేదుగా ఇనుము నాకినట్టు ఉంటుంది, కడుపు కాస్త కదులుతుంది, వాటికి మధ్యలో ఆపకండి. ఆపితే చచ్చేవి చచ్చి మొండివి మిగులుతాయి. పెన్సిలిన్ పడనివాళ్లు ముందే చెప్పండి, ఇందులో తరచూ అమాక్సిసిలిన్ ఉంటుంది. మెట్రోనిడజోల్, టినిడజోల్ ఉంటే కోర్సు జరిగినన్ని రోజులూ, అయ్యాక ఇంకో మూడు రోజులూ మందు కొట్టకూడదు. ఇప్పసారా కూడా లెక్కే, "అది చెట్టుది కదా" అని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. బిస్మత్ ఉంటే నాలుక, విరేచనం నల్లబడతాయి, మందు ఆపగానే పోతుంది.

పోయిందో లేదో టెస్ట్ చేయించడం మర్చిపోతారు. కోర్సు అయిన కనీసం 4 వారాలకి ఊపిరి టెస్టో మలం టెస్టో చేస్తారు. ఆ టెస్ట్‌కి ముందు 2 వారాలు ప్రజోల్ జాతి మందు ఆపి ఉండాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేదని రిపోర్ట్ వస్తుంది. ఆ మధ్యలో మంట వస్తే సిరప్ పర్వాలేదు.

8. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

క్యాలెండర్‌లో రోజూ ఒక గుర్తు పెట్టండి: రాత్రి నొప్పితో లేచారా, పుల్లటి త్రేన్పులు ఎన్నిసార్లు, సిరప్ ఎన్ని మూతలు పట్టింది. వారానికి సిరప్ వాడకం తగ్గాలి, రెండు వారాలకి రాత్రి నిద్ర పట్టాలి. వేళ తప్పకుండా వేసుకున్నా రెండు వారాల్లో మార్పు లేకపోతే డబుల్ చేయకండి, ఆ పేజీ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కడుపులో పుండు అని ఎండోస్కోపీలో తేలినవాళ్లని 8 వారాల తర్వాత మళ్లీ రమ్మంటే బాగానే ఉన్నాం కదా అని మానకండి. కొన్ని క్యాన్సర్లు మొదట్లో మామూలు పుండులాగే కనిపిస్తాయి, అది కాదని తేల్చుకోవడానికే రమ్మంటారు. నేనూ వెళ్లాను, ఆ ట్యూబు సంగతి తలుచుకుంటే వెళ్లబుద్ధి కాలేదు, మా ఆవిడ బస్సెక్కించింది.

9. ఆపేటప్పుడు

నాలుగు వారాల కోర్సుకి తేదీ రాగానే ఆపేయొచ్చు. నెలల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే అణిగి ఉన్న యాసిడ్ ఎగిసి వస్తుంది, అది చూసి "బిళ్ల లేకపోతే బతకలేను" అనుకుని మళ్లీ మొదలుపెడతారు. ఇది జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు, కొన్ని వారాల్లో సర్దుకునేదే. డాక్టర్ ఆపమన్నాక, 40 మి.గ్రా. వాడేవాళ్లు 20 కి దిగడం, రెండు వారాల తర్వాత రోజు విడిచి రోజు, ఆ తర్వాత ఆపడం, ఇలా చేస్తే తేలిక. మధ్యలో మంటకి సిరప్ గానీ, రాత్రి ఫామోటిడిన్ గానీ. రాత్రి భోజనం పడకకి మూడు గంటల ముందు ముగించి, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి, దిండ్లు పెంచితే మెడ నొప్పి తప్ప లాభం లేదు. ఆపిన నెలకి కూడా రాత్రిళ్లు నొప్పితో లేస్తుంటే షాపుకి రాకండి, క్యాలెండర్ చింపుకుని నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లండి.